నోరు మూయించిన బండి

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేవాళ్ళకి అసహ్యం అంత తేలిగ్గా కలగదు. రోజూ ఎవరెవరివో కళ్ళద్దాలు చేతిలోకి తీసుకోవాలి. ముక్కు మీద ఆనే చిన్న మెత్తల్లో పేరుకున్న పచ్చటి జిడ్డు, చెవి వెనక వంపులో అంటుకున్న చెమట, ఫ్రేము సందుల్లో ఎండిపోయిన చుండ్రు, అన్నిటినీ సబ్బునీళ్ళలో ముంచి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, తుడిచి, నవ్వుతూ తిరిగి ఇవ్వాలి. చిన్నకోడలు పెళ్ళికి ముందు నుంచీ ఆ పని చేస్తోంది. అలాంటి మనిషి కూడా బావగారి దగ్గర కొన్న కారు తలుపు తీసిన మొదటి రోజే ముక్కు మూసుకుంది.

బావగారంటే భర్తకి అన్నగారు. చుట్టాలు ఆయన్ని చాటుగా చిట్కాలాయన అంటారు. కుళాయి కారితే సైకిల్ ట్యూబు ముక్క, కుర్చీ కాలు ఊగితే అట్టముక్క, ఫ్రిజ్ తలుపు పట్టకపోతే రబ్బరు బ్యాండు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. పిలిస్తే వస్తాడు, కబుర్లు చెబుతాడు, ఏదో ఒకటి కట్టో అంటించో వెళ్ళిపోతాడు. అది మళ్ళీ ఊడిపోయే వేళకి ఆయన అక్కడ ఉండడు.

కొత్త కారు కొనుక్కున్నాక పాతదాన్ని తమ్ముడికి అమ్మేశాడు. "ఇంట్లో బండి బయటివాళ్ళ చేతిలో పెట్టడమెందుకురా, నేనెలా చూసుకున్నానో నీకు తెలియదా" అన్నాడు. భర్త పొంగిపోయాడు. చిన్నకోడలికి లైసెన్సు వచ్చి చాలాకాలమైంది, నడపడానికి బండే లేదు. ఆమె కూడా సంబరపడింది.

బండి అప్పగించడానికి బావగారే వచ్చాడు. దీపాలు పెట్టే వేళకి ఇద్దర్నీ ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు. భర్త వెనక కూర్చున్నాడు, ఆమె ముందు కూర్చుంది. లోపల ఏదో తీపి సెంటు, దాని అడుగున పులిసిపోయిన పాల వాసన. బెల్టు లాగి పెట్టుకోబోతే పెట్టాల్సిన సందులో అప్పటికే ఇనుపముక్క ఒకటి దిగి ఉంది.

"ఇందులో ఏదో ఇరుక్కుంది బావగారూ."

"ఇరుక్కోలేదమ్మాయ్, నేనే పెట్టాను. బెల్టు పెట్టుకోకపోతే కీకీకీమని చెవులు తినేస్తుంది. ఆ ముక్క గుచ్చామనుకో, పెట్టుకున్నామనుకుని ఊరుకుంటుంది. నోరు మూయించేశా" అని ఆయన పకపకా నవ్వాడు. తన సందులోనూ అలాంటిదే ఒకటి ఉంది.

ఆమె ముక్కని పీకి, బెల్టు పెట్టుకుంది. "మా మీద నమ్మకం లేదన్నమాట" అన్నాడాయన. ముక్కకి అంటుకున్న బిస్కెట్ పిండి ఆమె వేళ్ళకి అంటింది.

వీధిదీపాలు పట్టపగల్లా వెలుగుతున్న రోడ్డు మీద కూడా ఆయన పెద్ద లైట్లే వేశాడు. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న ముసలాయన ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో తడబడుతూ రోడ్డు దిగిపోయాడు.

"చూశావా ఎలా తప్పుకున్నాడో! హారన్ కొట్టే పనే లేదు."

"లైటు తగ్గించండి బావగారూ. కళ్ళల్లో కొడితే వాళ్ళకి కాసేపటిదాకా ఏమీ కనపడదు."

"మనకి కనపడుతోందిగా!"

వెనక నుంచి భర్త కూడా నవ్వాడు. ఆమె తల తిప్పి చూసింది. ముసలాయన సైకిల్ పట్టుకుని అక్కడే నిలబడి, రెప్పలు కొట్టుకుంటూ దారి వెతుక్కుంటున్నాడు.

ఆయన పాట పెంచడానికి ముందుకి వంగినప్పుడల్లా బండి పక్కకి లాగేసేది. స్టీరింగ్ మీదే పాటల బొత్తాలున్నాయి కదా అని ఆమె అడిగితే, అవి అలంకారానికేనన్నాడు. హారన్ కూడా స్టీరింగ్ మీద నొక్కితే మోగదు. కింద, మోకాలి దగ్గర, ఇంటి గుమ్మానికి పెట్టుకునే గంట బొత్తాం లాంటిది ఒకటి బిగించాడు. "దొంగ ఎత్తుకెళ్ళినా హారన్ ఎక్కడుందో తెలియక దొరికిపోతాడు" అన్నాడు. తన జోకుకి తనే మళ్ళీ నవ్వుకున్నాడు.

ఆ ఆదివారం ఆమె బకెట్టు, బ్రష్షు, పాత బట్టలు పట్టుకుని బండి ముందు కూర్చుంది. గ్లాసు పెట్టుకునే గుంటలో కత్తిరించిన గోళ్ళు ఉన్నాయి. పిల్లలవి కావు, పెద్దవి, పసుపుపచ్చగా వంకర తిరిగినవి. సీటు కింద నమిలి అంటించిన చూయింగ్ గమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. పాట పెంచే గుండ్రటి బొత్తాం మీద వేలు పెడితే వేలు అతుక్కుంది. గోటితో గీకితే మైనంలా నల్లటి చుట్టలు లేచాయి. ఇన్నాళ్ళ నుంచి ఎవరెవరి వేళ్ళో తిన్నవీ, తుడుచుకున్నవీ అన్నీ అక్కడే ఉన్నాయి. ఆమె వేలిని సబ్బునీళ్ళలో ముంచి రుద్దుకుంది.

డ్రైవర్ సీటు బెల్టు లాగితే వచ్చింది గానీ, వదిలితే వెనక్కి పోలేదు. వదులుగా ఒళ్ళో పడి ఉంది. భర్తని పిలిచి చూపించింది.

"పాత బండి కదా, కొంచెం సర్దుకోవాలి" అన్నాడతను.

"బెల్టు వదులుగా ఉంటే సర్దుకోవడమేంటండీ?"

"వీలు చూసుకుని బాగుచేయిద్దాంలే."

ఆ వీలు రాలేదు. ఆమె ఆ వదులు బెల్టుతోనే, మోకాలి దగ్గర హారన్ తడుముకుంటూ, దుకాణానికి వెళ్ళివస్తూ ఉంది.

దుకాణం పైఅంతస్తులో కంటి డాక్టరమ్మ ఉంటుంది. ఆమెదీ సరిగ్గా అదే రకం కారు. ఒకరోజు బడిపిల్లల కళ్ళు పరీక్షించడానికి ఇద్దరూ ఆ కారులో కలిసి వెళ్ళారు. డాక్టరమ్మ తాళం తిప్పగానే ఎదుట రకరకాల బొమ్మలు వెలిగాయి. వాటిలో ఎర్రటి బొమ్మ ఒకటుంది. కూర్చున్న మనిషి, అతని ముందు ఒక బంతి. అది కాసేపు వెలిగి ఆరిపోయింది.

"అదేంటి డాక్టరుగారూ?"

"ఎయిర్‌బ్యాగ్‌ది. ఒకసారి వెలిగి ఆరిపోయిందంటే అంతా బాగున్నట్టు. ఆరకపోతే ఏదో తేడా ఉన్నట్టు. నీ బండిలోనూ ఉంటుందిగా?"

"మా బండిలో అసలు వెలగదే!"

డాక్టరమ్మ మాట్లాడుతూనే బొటనవేలితో స్టీరింగ్ మీది బొత్తాం నొక్కి పాట తగ్గించింది. చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది. చిన్నకోడలు ఆ వేలు వైపే చూస్తూ ఉండిపోయింది. తన బండిలో ఆ బొత్తాలూ పనిచేయవు, స్టీరింగ్ మీద హారనూ మోగదు, ఆ ఎర్రబొమ్మా వెలగదు. అన్నీ ఒక్క చోటివే. ఆ మాటే పైకి అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "నువ్వా బండి ఇంక నడపకు. స్టీరింగ్ విప్పించి చూడు" అంది.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి, షెడ్డు నుంచి మెకానిక్‌ని పిలిపించి, బండి అతనిచేతే నడిపించుకుని వెళ్ళింది. అతను బ్యాటరీ తీగ ఊడదీసి, కాసేపు ఆగి, స్టీరింగ్ నడుమ ఉన్న మూత విప్పడం మొదలుపెట్టాడు. దాని అంచుకి జిగురు పూసిన మరకలున్నాయి. ఊడి రానంటే స్క్రూడ్రైవరు దూర్చి లేపాడు. మూత టప్పుమని వచ్చింది. దానితోపాటు ఒక వాసన వచ్చింది. తడిసి ఆరీ ఆరక ముక్కిపోయిన బట్టల వాసన.

లోపల ఎయిర్‌బ్యాగ్ లేదు. టీవీ అట్టపెట్టెల్లో వచ్చే స్పాంజి ముక్క ఒకటి, దాని చుట్టూ కుక్కిన మగవాళ్ళ బనియన్లు ఉన్నాయి. మెకానిక్ ఒక్కొక్కటే లాగి బయట పడేశాడు. చంకల దగ్గర పసుపు మరకలు, మెడ దగ్గర సాగిపోయిన అంచులు. వాటి వెనక, తెగిన తీగల కొసలు నల్లటేపు చుట్టుకుని వేలాడుతున్నాయి.

ఇన్నాళ్ళూ తన గుండెకి మూరెడు దూరంలో ఇవి ఉన్నాయి. షెడ్డు బయటికి వెళ్ళి కాలవ పక్కన నిలబడి ఉమ్మేసింది. అయినా నోట్లో ఆ వాసన పోలేదు.

"బండి ఎప్పుడో గట్టిగా గుద్దిందమ్మా" అన్నాడు మెకానిక్, మీటర్ల పలక వెనక వేలు పెట్టి తడుముతూ. "అప్పుడే సంచి పేలిపోయింది. బెల్టులు కూడా అప్పుడే పోయుంటాయి. ఎర్రలైటు వెలుగుతూ ఉంటే అమ్ముడుపోదని దాని మీద టేపు వేశారు. ఇదిగో."

"ఇలా చేస్తారా ఎవరైనా?"

"చేస్తూనే ఉంటారమ్మా. బల్బు కనపడకపోతే చాలంటారు." అతను గుడ్డతో చేతులు తుడుచుకుని మామూలుగా అడిగాడు. "ఏం చెయ్యమంటారు? మళ్ళీ పెట్టేసి మూత అంటించేయమంటారా? మీరూ ఎవరికైనా అమ్మేసుకోవచ్చు, తెలియదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అక్కడ ఎగతాళి లేదు, కుట్రా లేదు. టైర్లలో గాలి కొట్టమంటారా అన్నట్టే అడిగాడు. ఆమెకి బనియన్ల మీద కలిగిన అసహ్యం కంటే ఆ మాట మీద ఎక్కువ కలిగింది.

"మూయొద్దు. ఇలాగే ఉంచండి. ఆ గుడ్డలు నాకు ఒక కవర్లో వేసి ఇవ్వండి" అంది.

భర్తకి ఫోను చేసింది. అంతా విని, "అన్నయ్యకి తెలిసుండదు. ఎవడో మెకానిక్ మోసం చేసుంటాడు" అన్నాడతను.

"మెకానిక్ తన బనియన్లు విప్పి పెట్టాడంటారా?"

అతను మాట మార్చాడు. "ఇప్పుడు దీని గురించి గొడవ చెయ్యకు, నేను మెల్లగా మాట్లాడతాను" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి, కవరు పట్టుకుని బస్సెక్కింది.

బావగారింట్లో ఆయన సోఫాలో కూర్చుని టీవీ రిమోటుకి రబ్బరు బ్యాండు చుడుతున్నాడు. తోటికోడలు, అంటే పెద్దకోడలు, చంటిదాన్ని చంకనేసుకుని వంటింట్లోంచి వచ్చింది. "రా రా, ఈ వేళప్పుడు వచ్చావేంటి? టీ పెడతానుండు" అంది.

"వద్దక్కా." చిన్నకోడలు కవరు తెచ్చి టీ బల్ల మీద బోర్లించింది. "బావగారూ, ఇవి మీ బండి స్టీరింగ్‌లో దొరికాయి."

బావగారి ముఖంలో ఏ మార్పూ రాలేదు. బనియన్ల వైపు ఒకసారి చూసి, రబ్బరు బ్యాండు ఇంకో చుట్టు చుట్టాడు. "ఓ, విప్పించావా? బాగా ఉన్నదాన్ని విప్పించడమెందుకమ్మాయ్?"

"ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట బనియన్లుంటే బాగా ఉన్నట్టా?"

"గుద్దితే కదా ఆ సంచి పని! గుద్దకుండా నడిపితే లోపల సంచి ఉంటేనేం, బనియనుంటేనేం? నేను ఇన్నాళ్ళూ నడపలేదూ? మూత ఖాళీగా వదిలేస్తే లోపలికి నొక్కుకుపోయింది, అందుకని మెత్తగా ఏదో ఒకటి పెట్టాను."

"గుద్దింది మీరేగా మరి!"

"ఎప్పుడు గుద్దారు?" అంది పెద్దకోడలు.

బావగారు భార్య వైపు చూడకుండా, "ఎప్పుడో లేవే. స్తంభానికి కొంచెం తగిలింది. రంగు వేయించానని చెప్పానుగా, అప్పుడు" అన్నాడు.

పెద్దకోడలు చంటిదాన్ని ఇంకో చంకకి మార్చుకుంది. ఆమె ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు పెదాలు కదిపింది. "రంగు వేయించింది ఇది కడుపులో ఉన్నప్పుడు కదూ! ఆ తరవాత నెలనెలా ఆసుపత్రికి నేనే నడుపుకుంటూ వెళ్ళాను. స్టీరింగ్ పొట్టకి తగులుతోందని సీటు వెనక్కి జరిపి ఇచ్చారు మీరు. పెద్దాడు పక్కన కూర్చునేవాడు. బెల్టు రావట్లేదంటే, కడుపుతో ఉన్నవాళ్ళకి బెల్టు మంచిది కాదన్నారు."

"నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. ఆ టైములో కంగారు పడకూడదు కదా" అన్నాడాయన. ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. అబద్ధం కూడా కాదు, ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. అది చూసేసరికి చిన్నకోడలికి అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

పెద్దకోడలు వంగి ఒక బనియన్‌ని రెండు వేళ్ళతో పైకెత్తింది. "ఇవి నేనే ఉతికి, మడతపెట్టి బీరువాలో పెట్టాను. కనపడకపోతే, పాతబట్టలవాడికి ఇచ్చేశావని ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచారు నా మీద. ఇవ్వలేదు మొర్రో అంటే, నీకు ఏ పని మీదా ధ్యాస లేదన్నారు. నేను నమ్మాను. నాకే మతి పోతోందేమోనని ఎన్నిసార్లు ఏడ్చానో!"

"అబ్బా, బనియన్ల గురించి ఇప్పుడేంటే" అన్నాడు బావగారు విసుగ్గా. తమ్ముడి భార్య వైపు తిరిగి, "చూశావా, నువ్వొచ్చి ఏం చేశావో" అన్నాడు.

పెద్దకోడలు బనియన్‌ని ఆయన ఒళ్ళో పడేసింది. పిల్లని చిన్నకోడలి చేతిలో పెట్టి, మేకుకి వేలాడుతున్న తాళం తీసుకుని, కిందకి దిగింది. కొత్త కారు తలుపులన్నీ తీసి, ఒక్కొక్క సీటు సందులోంచీ ఇనుపముక్కలు పీకడం మొదలుపెట్టింది. కొత్త బండిలోనూ ఆయన అన్నీ గుచ్చేశాడు. పిల్లల సీటు పక్కనున్న ముక్క బిగుసుకుపోయి రాకపోతే, సీటుకి కాలు తన్నిపెట్టి లాగింది. చేతిమీద గీరుకుని రక్తం వచ్చింది. పైనుంచి బావగారు "బండి పాడుచేస్తావే, మెల్లగా" అని అరుస్తున్నాడు. ఆమె తలెత్తి చూడలేదు.

ఆ సాయంత్రం భర్త ఇంటికి వచ్చి, బూట్లు విప్పుతూనే, "వదిన పుట్టింటికి వెళ్ళిపోయిందట. అన్నయ్య ఫోన్లో ఏడుస్తున్నాడు. మెల్లగా మాట్లాడదామన్నాను కదా!" అన్నాడు.

చిన్నకోడలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "బండి గుద్దిన సంగతి మీకు ముందే తెలుసా?"

"చిన్న దెబ్బ తగిలిందని చెప్పాడు."

"ఎయిర్‌బ్యాగ్ పేలిందని?"

"అది చెప్పలేదు."

"మీరు అడిగారా?"

అతను రెండో బూటు ముడి లాగాడు. "అన్నయ్యని అలా ఎలా అడుగుతాం?" అన్నాడు.

ఆమె గిన్నెని సింకులో వదిలేసి కుళాయి కట్టేసింది. ఆ రోజు ఆమె అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. చాలా రోజులు ఒకే గదిలో తిరుగుతున్నా అతని చెయ్యి తగిలితే పక్కకి జరిగేది. అతను తప్పు చేశాడని కాదు. అడగకుండా ఉండటం అతనికి అంత సులువుగా వచ్చిందే, అది ఆమెకి మింగుడుపడలేదు.

బండి మాత్రం బాగైంది. భర్తే స్వయంగా కంపెనీ వర్క్‌షాపులో ఇచ్చి, కొత్త ఎయిర్‌బ్యాగ్, కొత్త బెల్టులు వేయించాడు. తెగిన తీగలు మార్పించి, మోకాలి దగ్గరి గంట బొత్తాన్ని పీకించాడు. అతను వర్క్‌షాపులో పొద్దంతా నిలబడి అన్నీ ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడని అక్కడివాళ్ళు చెబితే ఆమె విని ఊరుకుంది. పెద్దకోడలు కూడా కొన్నాళ్ళకి తిరిగి వచ్చింది. కొత్త కారు తాళం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటోంది. బావగారు బస్సుల్లో తిరుగుతూ, చిన్నకోడలు ఇంటిని రెండు ముక్కలు చేసిందని కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు. కొందరు నిజమేనని తలలూపుతున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం చిన్నకోడలు దుకాణం నుంచి బయల్దేరుతుంటే బావగారు బస్టాపులో కనిపించాడు. వాన సన్నగా పడుతోంది. చెయ్యెత్తాడు. ఆమె ఆపింది. ఆయన ఏమీ జరగనట్టే తలుపు తీసి ముందు సీట్లో కూర్చుని, తడి చెప్పుల్ని పట్టా మీద రుద్దుతూ, "పోనీయమ్మాయ్. ఇంటి దగ్గర దింపేయ్ చాలు" అన్నాడు.

బండి కదిలింది. కీకీమని చప్పుడు మొదలైంది.

"బెల్టు పెట్టుకోండి బావగారూ."

"దగ్గరేగా! పోనీ."

ఆమె అద్దంలో వెనక చూసుకుని, బండిని రోడ్డు వారకి తీసి ఆపింది. వెనకవాళ్ళకి తెలిసేలా నాలుగు పక్కల లైట్లూ వేసింది. పాట ఆపేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది.

"ఇదేంటి, మొండిపట్టు! మీ అక్కకి నేర్పావు, ఇప్పుడు నాకూ నేర్పుతావా?" అన్నాడాయన. ఆయన కాసేపు కిటికీ వైపు చూశాడు, కాసేపు గొణిగాడు. ఒక ఆఖరి చిట్కాలా బెల్టుని వీపు వెనక నుంచి లాగి సందులో గుచ్చబోయాడు. ఆమె తల తిప్పి చూసేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నీ బండిలో నువ్వే ఊరేగు" అని తలుపు తోసుకుని దిగి, వానలో నడిచిపోయాడు. తలుపు వెయ్యకుండానే వెళ్ళాడు.

ఆమె వంగి తలుపు లాక్కోవడానికి పక్కసీటు మీద చెయ్యి ఆనించింది. ఆయన కూర్చున్న చోట సీటు ఇంకా వెచ్చగా ఉంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. బండి దిగి, తడుస్తూ చుట్టూ తిరిగి వెళ్ళి, బయట నిలబడి ఆ తలుపు వేసింది.